అమెరికా బ్యాంకులో మన వీసా కాగితాల గొడవ: అకౌంట్ తెరిచే రోజు నుంచి దేశం వదిలే రోజు దాకా

అమెరికాలో బ్యాంకు అకౌంట్ తెరవాలంటే ఫలానా వీసా ఉండాలని చట్టంలో ఎక్కడా లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కొత్తగా వచ్చిన పిల్లలు బ్యాంకుకి వెళ్ళేటప్పుడు ఇమిగ్రేషన్ ఆఫీసుకి వెళ్తున్నంత టెన్షన్ పడుతుంటారు, పదేళ్ళుగా హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు కూడా బ్యాంకు నుంచి "మీ వివరాలు అప్‌డేట్ చేయండి" అని మెసేజ్ వస్తే కొంపలేవో మునిగాయని కంగారు పడతారు. కొంపలు మునగవు. కాకపోతే అడిగిన కాగితం అడిగిన టైముకి ఇవ్వకపోతే మాత్రం జీతం పడే అకౌంట్ ఆగిపోతుంది, అద్దె చెక్కు తిరిగొస్తుంది, ఆ తర్వాత తల ప్రాణం తోకకొస్తుంది. అది రాకుండా ఏ దశలో ఏం చేయాలో వరసగా చెప్తాను. ఎక్కువగా ఎఫ్-1 వీసా స్టూడెంట్లు, ఓపీటీ (చదువుకి సంబంధించిన ఉద్యోగం కొంతకాలం చేసుకునే అనుమతి) వాళ్ళు, హెచ్-1బి ఉద్యోగులు, వాళ్ళ కుటుంబాలుగా వచ్చిన హెచ్-4 వాళ్ళ కోసం. యూకేలో ఉన్నవాళ్ళకి చివర్లో విడిగా ఉంది, అక్కడ కథ వేరు.

ఒకటి: బ్యాంకు ఏం అడగాలో, ఏం అడుగుతోందో విడదీసి చూడండి

2001లో వచ్చిన పేట్రియాట్ చట్టంలో 326వ సెక్షన్ అని ఒకటుంది. దాని కింద తయారైన రూల్‌ని 2003 అక్టోబర్ 1 నుంచి బ్యాంకులన్నీ పాటించాలి. ఆ రూల్ రాసినప్పుడు కస్టమర్ దగ్గర తప్పనిసరిగా తీసుకోమన్నవి నాలుగే: పేరు, పుట్టిన తేదీ, ఉండే అడ్రస్, ఏదో ఒక గుర్తింపు నంబరు. అమెరికన్లయితే ఆ నంబరు ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) లాంటి పన్ను నంబరే అవ్వాలి. బయటి దేశం వాళ్ళకి మాత్రం పన్ను నంబరు గానీ, పాస్‌పోర్ట్ నంబరు గానీ (ఏ దేశం ఇచ్చిందో చెప్తూ), గ్రీన్ కార్డు లాంటి కార్డు మీది నంబరు గానీ, ఫోటో ఉన్న వేరే ప్రభుత్వ గుర్తింపు పత్రం నంబరు గానీ, వీటిలో ఏదో ఒకటి చాలు. అంటే ఎస్‌ఎస్‌ఎన్ లేకుండా ఇండియన్ పాస్‌పోర్ట్‌తో అకౌంట్ తెరవడం చట్టం ప్రకారం పూర్తిగా సక్రమం. వీసా స్టేటస్ ఆ నాలుగింట్లో లేదు.

మరి కౌంటర్ దగ్గర ఐ-20 (స్టూడెంట్లకి యూనివర్సిటీ ఇచ్చే ఫారం) ఎందుకడుగుతారు, వీసా పేజీ ఎందుకు జిరాక్స్ తీస్తారు అంటే, రూల్ చెప్పింది కనీసం. దానిపైన ఎంత కావాలంటే అంత అడగడం బ్యాంకు ఇష్టం. తక్కువ అడిగి ఎవడో మోసగాడికి అకౌంట్ ఇస్తే బ్యాంకుకి జరిమానా పడుతుంది, ఎక్కువ అడిగినందుకు మాత్రం సాధారణంగా పడేదేమీ లేదు. అలాంటప్పుడు ఎవరైనా ఎటు మొగ్గుతారు? పైగా డీఎంవీ (డ్రైవింగ్ లైసెన్సులిచ్చే ఆఫీసు) వాళ్ళకి ఉన్నట్టు బ్యాంకులకి ప్రభుత్వ ఇమిగ్రేషన్ రికార్డులు సరిచూసుకునే సేవ్ అనే వ్యవస్థ అందుబాటులో లేదు, అది ప్రభుత్వ ఏజెన్సీల కోసం పెట్టింది. అందుకని గంటకింత అని జీతం తీసుకునే కౌంటర్ ఉద్యోగి మీ ఐ-797 (హెచ్-1బి లాంటి దరఖాస్తుకి ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చే నోటీసు) కాగితాన్ని వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి నిర్ణయం చెప్పాల్సిన పరిస్థితి. ప్రభుత్వం నుంచి బ్యాంకుకి, బ్యాంకు నుంచి ఆ ఉద్యోగికి, అక్కడి నుంచి మనకి, బరువు అలా కిందకి దిగుతూ వస్తుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, అది ఇదే. పూజారి మీద కోప్పడి లాభం లేదు, ఆయన చేతికి సరైన కాగితం అందించాలి.

రెండు: వెళ్ళే ముందు ఫైల్ సర్దుకోండి

ఒరిజినల్ పాస్‌పోర్ట్, ఐ-20 లేదా ఐ-797, సీబీపీ (సరిహద్దు తనిఖీ శాఖ) వెబ్‌సైట్ నుంచి దించుకున్న తాజా ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) ప్రింట్, యూనివర్సిటీ ఐడీ కార్డు, అమెరికా ఫోన్ నంబరు, అడ్రస్ రుజువు. ఇండియా డ్రైవింగ్ లైసెన్స్ ఉంటే అదీ పెట్టుకోండి, రెండో ఐడీ అడిగినప్పుడు కొన్ని చోట్ల పనికొస్తుంది.

అడ్రస్ దగ్గరే చాలామంది ఇరుక్కుంటారు. రూల్ ప్రకారం మనిషి నిజంగా ఉండే వీధి అడ్రస్ కావాలి, పోస్ట్ బాక్స్ నంబరు కుదరదు. మనవాళ్ళు రెండు బెడ్‌రూముల ఇంట్లో నలుగురైదుగురు సర్దుకుంటారు, లీజు మాత్రం సీనియర్ పేరు మీద ఉంటుంది. లీజింగ్ ఆఫీసుకి వెళ్ళి మీ పేరు కూడా ఉంటున్నవాళ్ళ జాబితాలో చేర్పించుకోండి. దీనివల్ల బ్యాంకు పనే కాదు, లైసెన్స్ పని కూడా అవుతుంది. అది వెంటనే కుదరకపోతే యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుని అడిగితే చాలా చోట్ల పేరు, లోకల్ అడ్రస్ వేసి లెటర్ ఇస్తారు. ఎలాగూ వచ్చిన పది రోజుల్లోపు అడ్రస్ వాళ్ళకి చెప్పాల్సిందే కదా, పనిలో పని.

బ్రాంచి ఎంచుకోవడంలో కూడా తెలివి ఉంది. యూనివర్సిటీ పక్కనున్న బ్రాంచిలో ఆగస్టులో రోజూ ఐ-20లే చూస్తారు, వాళ్ళకి మీరు కొత్త కాదు. అదే బ్యాంకుకి ఊరి చివరున్న బ్రాంచిలో ఇంతవరకూ ఐ-20 చూడని ఉద్యోగి "ఎస్‌ఎస్‌ఎన్ లేకపోతే కుదరదు" అని పంపించేయొచ్చు. బ్యాంకు ఒకటే, జవాబులు రెండు. క్యాంపస్‌కి అనుబంధంగా క్రెడిట్ యూనియన్ (సభ్యులే యజమానులైన సహకార బ్యాంకు లాంటిది) ఉంటే అక్కడా కనుక్కోండి. ఆన్‌లైన్‌లో తెరిచే ప్రయత్నం మాత్రం ఎస్‌ఎస్‌ఎన్ వచ్చేదాకా పెట్టుకోకండి, చాలా వాటిలో ఆ గడి నింపకపోతే ముందుకే పోదు.

అకౌంట్ కోసమని ఐటిన్ తెచ్చుకోమని సలహాలిచ్చేవాళ్ళుంటారు. ఐటిన్ పన్ను పనుల కోసం ఇచ్చే నంబరు, పాస్‌పోర్ట్ నంబరు సరిపోయే చోట దానికోసం తిరగక్కర్లేదు.

మూడు: పేరు. దీని మీద టైం పెట్టండి

నన్నడిగితే ఇమిగ్రేషన్ స్టేటస్ కంటే మన తెలుగువాళ్ళని బ్యాంకుల్లో ఎక్కువ ఏడిపించేది పేరే. ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక, మధ్యలో వెంకటేశ్వరస్వామి, సాయిబాబా, అమ్మమ్మ పేరు. పాస్‌పోర్ట్‌లో గివెన్ నేమ్ గడిలో "వెంకట సాయి లక్ష్మీ ప్రసన్న" అని నాలుగు ముక్కలుంటే, బ్యాంకు కంప్యూటర్‌లో ఫస్ట్, మిడిల్, లాస్ట్ అని మూడే గడులుంటాయి. ఆ ఉద్యోగి "వెంకట"ని ఫస్ట్ నేమ్ చేసి, "సాయి"ని మిడిల్ చేసి, మిగతావి వదిలేస్తాడు. రెండు నెలలకి ఎస్‌ఎస్‌ఎన్ కార్డు నాలుగు ముక్కలతో వస్తుంది, డీఎంవీ వాడు లైసెన్స్ మీద ఇంకోలా కొడతాడు. ఇక మూడు కంప్యూటర్లలో ముగ్గురు ప్రసన్నలు. ఆ తర్వాత ఎప్పుడో బ్యాంకు ఆటోమేటిక్‌గా సరిచూసినప్పుడు "పేరు కలవలేదు" అని వస్తుంది, దాన్ని మనం వీసా సమస్య అనుకుని లాయర్‌కి ఫోన్ చేస్తాం.

కాబట్టి కౌంటర్ దగ్గర స్క్రీన్ మీ వైపు తిప్పమని మర్యాదగా అడగండి, లేదా సంతకం పెట్టే ముందు ప్రింటులో అక్షరం అక్షరం చదవండి. పాస్‌పోర్ట్ గివెన్ నేమ్ మొత్తం ఫస్ట్ నేమ్ గడిలోకి వెళ్ళాలి, చోటు చాలకపోతే మిగిలింది మిడిల్‌లోకి. సర్‌నేమ్ గడిలో ఉన్నది లాస్ట్ నేమ్. ఇదే పద్ధతి ఎస్‌ఎస్‌ఎన్ దరఖాస్తులో, డీఎంవీలో, ఉద్యోగంలో, అన్నిచోట్లా పాటించండి.

పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ ఖాళీగా ఉన్నవాళ్ళకి ఇంకో తలనొప్పి. అమెరికా వీసాలో పేరు మొత్తం సర్‌నేమ్‌లోకి పోయి, ఫస్ట్ నేమ్ దగ్గర "ఎఫ్‌ఎన్‌యూ" అని పడుతుంది, అంటే ఫస్ట్ నేమ్ తెలియదని. డెబిట్ కార్డు మీద కూడా అదే అచ్చయ్యి వచ్చి, కాఫీ షాపుల్లో "ఫ్నూ" అని పిలిపించుకున్నవాళ్ళున్నారు. ఇంకా ఇండియాలోనే ఉండి ఇది చదువుతుంటే వీసాకి ముందే పాస్‌పోర్ట్ రీఇష్యూకి పెట్టి ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో వేయించుకోండి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒక్కసారి పడే శ్రమ, ఇక్కడికొచ్చాక ప్రతి గడపలోనూ పడక్కర్లేదు.

నాలుగు: కౌంటర్ దగ్గర "ఎక్స్‌పైరీ డేట్" ప్రశ్న

ఇది దగ్గరగా చూడాల్సిన చోటు. ఉద్యోగి మీ పాస్‌పోర్ట్ తెరుస్తాడు, వీసా పేజీకి వెళ్తాడు, దాని మీదున్న తేదీని "స్టేటస్ ఎక్స్‌పైరీ" అనే గడిలో కొట్టబోతాడు. ఆగమనండి. వీసా స్టాంపు దేశంలోకి రావడానికి. లోపల ఎంతకాలం ఉండొచ్చో చెప్పేది ఐ-94. ఎఫ్-1 వాళ్ళ ఐ-94 మీద తేదీకి బదులు "డీ/ఎస్" అని ఉంటుంది, అంటే చదువు సక్రమంగా సాగినంతకాలం అని. కంప్యూటర్‌కి ఆ అక్షరాలు ఎక్కవు, దానికి తేదీ కావాలి. అప్పుడు ఐ-20 మీదున్న ప్రోగ్రాం ముగింపు తేదీ చూపించండి. ఈ చిన్న పని చేయకపోతే ఏమవుతుందంటే, చదువు ఇంకా నడుస్తుండగానే వీసా స్టాంపు తేదీ అయిపోయిన వారానికి బ్యాంకు సిస్టం దానంతట అదే లేచి "మీ డాక్యుమెంట్ గడువు ముగిసింది" అని ఉత్తరం పంపుతుంది. స్టేటస్ బ్రహ్మాండంగా ఉంటుంది, కంగారు మాత్రం ఊరికే.

హెచ్-1బి వాళ్ళకి ఐ-797 అప్రూవల్ కింద భాగంలో వచ్చే ఐ-94లో తేదీ స్పష్టంగా ఉంటుంది, అది చూపిస్తే చాలు. కష్టం ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉన్నప్పుడు. గడువు లోపే ఎక్స్‌టెన్షన్ ఫైల్ చేస్తే అదే ఎంప్లాయర్ దగ్గర 240 రోజుల దాకా పని కొనసాగించొచ్చు, అది రూల్. కానీ చేతిలో ఉండే రసీదు ఐ-797సీ మీద "ఈ నోటీసు ఏ ఇమిగ్రేషన్ స్టేటస్‌నూ ఇవ్వదు" అని పెద్ద అక్షరాలతో అచ్చేసి ఉంటుంది. కౌంటర్ ఉద్యోగి ఆ వాక్యం చదివాక మీరు 240 రోజుల రూల్ ఎంత వివరించినా ఎక్కదు. అలాంటప్పుడు పాత ఐ-797, రసీదు, తాజా పే స్టబ్, హెచ్‌ఆర్ ఇచ్చిన ఉద్యోగ లెటర్ నాలుగూ ఒక పీడీఎఫ్‌గా చేసి బ్రాంచి మేనేజర్‌కి ఇవ్వండి, కస్టమర్ కేర్‌తో వాదించకండి.

అన్నిటికంటే మంచి ఉపాయం ఒకటుంది: బ్యాంకు రికార్డులో మీ ముఖ్య ఐడీగా పాస్‌పోర్ట్ పెట్టించండి, డ్రైవింగ్ లైసెన్స్ కాదు. మన లైసెన్స్ గడువు సాధారణంగా స్టేటస్ తేదీతో ముడిపడి ఉంటుంది, అందుకే అది చీటికిమాటికి ముగుస్తుంటుంది. పెద్దవాళ్ళ ఇండియన్ పాస్‌పోర్ట్ పదేళ్ళు ఉంటుంది. ఐడీ గడువు ముగిసిందని బ్యాంకు తలుపు తట్టే సందర్భాలు ఈ ఒక్క మార్పుతో చాలా తగ్గుతాయి. రెన్యూ చేసినప్పుడు పాస్‌పోర్ట్ నంబరు మారుతుంది, ఆ వారమే బ్యాంకుకి చెప్పడం మర్చిపోకండి.

ఐదు: పన్ను ఫారం మారాల్సిన రోజు

అకౌంట్ తెరిచేటప్పుడు ఎఫ్-1 వాళ్ళతో డబ్ల్యూ-8బెన్ సంతకం పెట్టిస్తారు, పన్ను లెక్కలో మీరు నాన్-రెసిడెంట్ అని చెప్పే ఫారం. డిపాజిట్ మీద వచ్చే వడ్డీకి నాన్-రెసిడెంట్లకి అమెరికాలో సాధారణంగా పన్ను ఉండదు. సంతకం పెట్టిన ఏడాది తర్వాత మూడో క్యాలెండర్ సంవత్సరం చివరిదాకా అది చెల్లుతుంది, అంటే 2026లో పెడితే 2029 డిసెంబర్ 31 దాకా. పన్నుకి రెసిడెంటో కాదో అమెరికాలో ఉన్న రోజులు లెక్కేసి తేలుస్తారు, స్టూడెంట్లకి సాధారణంగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు ఆ రోజుల లెక్కలోకి రావు. హెచ్-1బిలోకి మారి రోజుల లెక్క దాటాక పన్నుకి రెసిడెంట్ అవుతారు, అప్పుడు డబ్ల్యూ-9 (రెసిడెంట్ల పన్ను ఫారం) ఇవ్వాలి. బ్యాంకు అడిగేదాకా ఆగకుండా మీరే ఇచ్చేయండి, రికార్డులో పాత ఫారం ఉంటే అదో మిస్‌మ్యాచ్.

ఎస్‌ఎస్‌ఎన్ సంగతి కూడా ఇక్కడే. ఎఫ్-1 మీద ఉన్నవాళ్ళకి క్యాంపస్ ఉద్యోగమో, సీపీటీనో (చదువులో భాగంగా చేసే ఉద్యోగం), ఓపీటీనో ఉంటేనే వస్తుంది. వచ్చిన వెంటనే బ్రాంచికి వెళ్ళి అకౌంట్‌కి జత చేయించండి.

ఆరు: "వివరాలు అప్‌డేట్ చేయండి" అని ఉత్తరం వచ్చింది. ఇప్పుడేంటి?

అకౌంట్ తెరిచి ఏళ్ళయ్యాక మళ్ళీ ఎందుకడుగుతున్నారని చాలామందికి అనుమానం. కస్టమర్ సమాచారాన్ని రిస్కుని బట్టి తాజాగా ఉంచుకోవాలని 2018 మేలో అమల్లోకి వచ్చిన ఇంకో రూల్ ఉంది. ఆ ఏడాదే పౌరసత్వం గురించి అడిగిన ప్రశ్నకి జవాబివ్వలేదనో, ఇచ్చిన కాగితం సరిపోలేదనో అకౌంట్లు ఆగిపోయిన వాళ్ళ కథలు అమెరికా పత్రికల్లో వచ్చాయి, అందులో అమెరికాలోనే పుట్టినవాళ్ళు కూడా ఉన్నారు. బ్యాంకులు పౌరసత్వం అడగడానికి ఒక పెద్ద కారణం ఆంక్షలున్న దేశాలు, ఇరాన్ లాంటివి. మనకి ఆ సమస్య లేదు, కానీ ప్రశ్న అందరికీ ఒకే అచ్చు నుంచి వస్తుంది.

ముందు అది నిజమైన ఉత్తరమో కాదో చూడండి. మెసేజ్‌లో ఉన్న లింకు నొక్కకండి. మీ అంతట మీరే యాప్ తెరిచి లాగిన్ అవ్వండి, నిజమైన రిక్వెస్ట్ అయితే సాధారణంగా అక్కడా కనిపిస్తుంది. లేకపోతే డెబిట్ కార్డు వెనకున్న నంబరుకి ఫోన్ చేయండి. "మీ వీసా రద్దవుతుంది, వెంటనే గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చెప్పండి" అనే ఫోన్ ఏ బ్యాంకు నుంచీ రాదు, ఏ ప్రభుత్వ ఆఫీసు నుంచీ రాదు.

నిజమే అని తేలాక, వాళ్ళు అడిగిన కాగితమే ఇవ్వండి. అంతకంటే ఎక్కువ ఇవ్వకండి. భయంతో ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ పెట్టిన దరఖాస్తు) అప్రూవల్, పెళ్ళి సర్టిఫికెట్, భార్య ఈఏడీ (పని అనుమతి కార్డు) అన్నీ కలిపి అప్‌లోడ్ చేసేవాళ్ళున్నారు, అందులో ఏదో ఒక తేదీ చూసి సిస్టం ఇంకో ప్రశ్న వేస్తుంది. ఇచ్చిన తేదీ, ఎవరితో మాట్లాడారు, కేస్ నంబరు, ఏం పంపారు అనేది ఫోన్‌లో నోట్ రాసుకోండి. స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఉత్తరంలో గడువు తేదీ ఉంటే అంతకంటే ముందే బ్రాంచికి వెళ్ళండి, చివరిరోజు యాప్ పనిచేయకపోతే ఎవరూ జాలిపడరు.

ఇక "బ్యాంకుకి ఇచ్చిన కాగితాలు ఇమిగ్రేషన్ వాళ్ళకి వెళ్తాయా" అనే ప్రశ్న. 1978 నాటి ఆర్థిక గోప్యత చట్టం ప్రకారం ఫెడరల్ ఏజెన్సీలకి మీ బ్యాంకు రికార్డులు కావాలంటే సాధారణంగా సబ్‌పీనా, సెర్చ్ వారంట్ లాంటి చట్టపరమైన దారిలో రావాలి, మినహాయింపులూ ఉన్నాయి. అనుమానాస్పద లావాదేవీల రిపోర్టులు మాత్రం బ్యాంకు నేరుగా ట్రెజరీ శాఖకి పంపుతుంది, ఆ రిపోర్టు పెట్టామని మీకు చెప్పడం దానికి నిషేధం. కౌంటర్ ఉద్యోగి కొన్నిసార్లు ఎంత అడిగినా కారణం చెప్పకుండా నీళ్ళు నమలడానికి అదొక కారణం కావచ్చు. అతనికీ తెలియకపోవచ్చు.

ఏడు: అకౌంట్ ఆగిపోయినా, మూసేసినా

ముందు జాగ్రత్త: రెండో అకౌంట్, వేరే సంస్థలో, కనీసం ఒక నెల ఖర్చు అందులో. ఒకే బ్యాంకులో రెండు అకౌంట్లుంటే లాభం లేదు, ఆగితే రెండూ ఆగుతాయి.

ఆగిన రోజు చేయాల్సింది, హెచ్‌ఆర్‌కి చెప్పి జీతం రెండో అకౌంట్‌కి మళ్ళించడం, ఆటో-పే మీదున్న అద్దె, కారు వాయిదా, ఇన్సూరెన్స్ మార్చడం. ఆ తర్వాత బ్రాంచికి ఒరిజినల్స్‌తో వెళ్ళండి. "మీకు ఏ కాగితం లోపించింది, అది రాతలో ఇవ్వగలరా" అని ఒకే ప్రశ్న అడగండి. చట్టం సెక్షన్లు వల్లెవేయకండి, "నా పాస్‌పోర్ట్ గడువులోనే ఉంది, అడ్రస్ రుజువు ఇది, ఇంకేం కావాలి" అంటే పని త్వరగా అవుతుంది.

పని జరక్కపోతే కన్స్యూమర్ ఫైనాన్షియల్ ప్రొటెక్షన్ బ్యూరోకి ఆన్‌లైన్ ఫిర్యాదు పెట్టొచ్చు, ఉచితం, కంపెనీలు మామూలుగా 15 రోజుల్లో జవాబిస్తాయి. నేషనల్ బ్యాంకు అయితే వాటి మీద నిఘా పెట్టే ఓసీసీకి, ఫెడరల్ క్రెడిట్ యూనియన్ అయితే వాటిని చూసే ఎన్‌సీయూఏకి కూడా. ఫిర్యాదు చేస్తే వీసాకి ఏమైనా అవుతుందేమో అని భయపడేవాళ్ళుంటారు. ఇవి బ్యాంకులని చూసే సంస్థలు, వీసాలని కాదు.

అకౌంట్ మూసేసే హక్కు బ్యాంకుకి అగ్రిమెంట్‌లోనే ఉంటుంది, మనం చదవకుండా సంతకం పెట్టింది అదే. అయితే డబ్బు మీది, సాధారణంగా రికార్డులో ఉన్న అడ్రస్‌కి చెక్కు పంపుతారు. ఆ అడ్రస్ రెండు ఇళ్ళ క్రితందైతే గోరుచుట్టు మీద రోకటి పోటు. ఇల్లు మారిన ప్రతిసారీ బ్యాంకుకి చెప్పండి, హెచ్-1బి వాళ్ళు ఏఆర్-11 (అడ్రస్ మారిందని ఇమిగ్రేషన్ శాఖకి చెప్పే ఫారం) పది రోజుల్లో ఫైల్ చేస్తారు కదా, ఆ రెండూ కూర్చున్న చోటే ఒకేసారి చేసేయండి.

ఎనిమిది: స్టేటస్ నిజంగా చూసే చోటు, అప్పులు

డిపాజిట్ అకౌంట్‌కి స్టేటస్ అడగడం బ్యాంకు సొంత అలవాటు. అప్పు దగ్గర అలా కాదు. అప్పులిచ్చేవాళ్ళు బాకీ వసూలు హక్కుల కోసం అవసరమైనంత మేరకు ఇమిగ్రేషన్ స్టేటస్‌ని లెక్కలోకి తీసుకోవచ్చని క్రెడిట్ రూల్‌లోనే ఉంది. కారు లోన్ కాలాన్ని ఐ-797 తేదీ దాకానే ఇవ్వడం, వడ్డీ తేడా పెట్టడం చూస్తుంటాం, ఒక్కచోట కాదంటే మరోచోట అడగండి, సంస్థకో పద్ధతి.

ఇల్లు కొనేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. 2025 మే 25 నుంచి ఎఫ్‌హెచ్‌ఏ లోన్‌లు (ప్రభుత్వ హామీ ఉన్న ఇంటి అప్పులు) గ్రీన్ కార్డు లేని మనలాంటి వీసా వాళ్ళకి ఇవ్వడం ఆపేశారు. అంతకుముందు తక్కువ డౌన్ పేమెంట్‌తో హెచ్-1బి వాళ్ళు తీసుకున్న దారి అది. మామూలు కన్వెన్షనల్ లోన్ దారి ఉంది, దానికి ఐ-797, పాస్‌పోర్ట్, పే స్టబ్‌లు అడుగుతారు, ఇక్కడ అడిగినవన్నీ ఇవ్వాల్సిందే.

తొమ్మిది: ఇంటికి డబ్బు పంపేటప్పుడు

2025 మేలో వాషింగ్టన్‌లో నడిచిన ఒక బిల్లు మనవాళ్ళందరికీ నిద్ర లేకుండా చేసింది. అమెరికా పౌరులు కానివాళ్ళు ఇంటికి పంపే డబ్బు మీద ముందు 5 శాతం, తర్వాత 3.5 శాతం పన్ను అన్నారు. పౌరులని మినహాయించాలంటే పంపే కంపెనీ ప్రతి మనిషి పౌరసత్వాన్నీ సరిచూడాలి. చివరికి జూలై 4న సంతకమైన చట్టంలో ఆ తేడా ఎత్తేశారు. ఇప్పుడు పన్ను 1 శాతం, అందరికీ, 2026 జనవరి 1 నుంచి, కానీ నోట్లు, మనీ ఆర్డర్, క్యాషియర్ చెక్కు ఇచ్చి పంపితేనే. అమెరికా బ్యాంకు అకౌంట్ నుంచి గానీ, ఇక్కడి డెబిట్, క్రెడిట్ కార్డుతో గానీ పంపితే లేదు. కాబట్టి పంపేది ఎప్పుడూ అకౌంట్ నుంచే పంపండి. మనిషి ఎవరో తేల్చడం కంటే డబ్బు ఏ దారిలో వచ్చిందో చూడటం తేలికని ఈసారి చట్టం రాసినవాళ్ళే తేల్చేశారు, నాకైతే ఇది మంచి పనే అనిపించింది.

నగదు విషయంలో ఒక్కమాట. పది వేల డాలర్లకి మించి నోట్లు వేసినా తీసినా బ్యాంకు రిపోర్టు పెడుతుంది, అది మామూలే, భయం లేదు. ఆ రిపోర్టు తప్పించుకోవాలని తొమ్మిది వేలు, తొమ్మిది వేలుగా విడదీసి వేయడం మాత్రం నేరం, డబ్బు కష్టార్జితమైనా సరే. అలాగే "నీ అకౌంట్‌లో వేస్తా, ఫలానా వాడికి పంపు, కమిషన్ ఇస్తా" అనే అన్నయ్య ఎవరైనా తగిలితే నంబరు బ్లాక్ చేసేయండి. అకౌంటే కాదు, స్టేటస్ కూడా పోయే పని అది.

యూకేలో ఉన్నవాళ్ళకి

అక్కడ చట్టమే బ్యాంకుని కాపలా పెట్టింది. 2014 ఇమిగ్రేషన్ చట్టం ప్రకారం, ఆ ఏడాది డిసెంబర్ నుంచి, దేశంలో ఉండే అనుమతి లేనివాళ్ళ జాబితాతో సరిచూడకుండా కరెంట్ అకౌంట్ తెరవకూడదు. 2016 చట్టం ఇదివరకే ఉన్న అకౌంట్లని కూడా సరిచూడమంది. 2018లో విండ్‌రష్ కుంభకోణం బయటపడి, దశాబ్దాలుగా హక్కుగా ఉంటున్న కరీబియన్ కుటుంబాల వాళ్ళు కాగితం లేక నానా కష్టాలు పడ్డారని తెలిశాక ఆ తనిఖీలు కొంతకాలం ఆపారు. మీరు చేయాల్సింది: బీఆర్‌పీ కార్డులకి (అక్కడ ఉండే అనుమతి చూపే కార్డులు) 2024 చివరితో కాలం చెల్లింది కాబట్టి యూకేవీఐ (యూకే వీసా శాఖ) ఆన్‌లైన్ అకౌంట్‌లో ఈ-వీసా సరిగ్గా కనిపిస్తోందో, కొత్త పాస్‌పోర్ట్ దానికి జత అయిందో చూసుకోండి. బ్యాంకు షేర్ కోడ్ (మీ స్టేటస్ వేరేవాళ్ళు ఆన్‌లైన్‌లో చూసుకోవడానికి ఇచ్చే కోడ్) అడిగితే అప్పటికప్పుడు తీసి ఇవ్వండి, అది 90 రోజులే పనిచేస్తుంది.

చివరి మెట్టు: దేశం వదిలేటప్పుడు

ఉద్యోగం పోయాక ఇచ్చే 60 రోజుల గ్రేస్ గడువులో సర్దుకుంటున్నా, చదువయ్యాక తిరిగొస్తున్నా, విమానం ఎక్కే ముందు అకౌంట్ మూసేయాలని తొందరపడకండి. ఆఖరి జీతం, అపార్ట్‌మెంట్ డిపాజిట్, ఏప్రిల్‌లో వచ్చే పన్ను రీఫండ్, ఇవన్నీ ఆ అకౌంట్‌కే రావాలి. బ్రాంచికి వెళ్ళి అడ్రస్ ఇండియాకి మార్చగలరా, పన్నుకి మళ్ళీ నాన్-రెసిడెంట్ అయ్యాక డబ్ల్యూ-8బెన్ ఎలా ఇవ్వాలి అని ముందే కనుక్కోండి. విదేశీ అడ్రస్‌తో ఉంచుకోనివ్వని బ్యాంకులు కొన్నున్నాయి, అలాంటిదైతే ఒప్పుకునే చోటికి డబ్బు ముందే మార్చుకోండి. ఓటీపీలు అమెరికా ఫోన్ నంబరుకే వస్తాయి, కాబట్టి ఆ నంబరుని తక్కువ ఖర్చు ప్లాన్‌లోకి మార్చి బతికించుకోండి.

ఇండియా వైపు కూడా ఇదే రూల్ తిరగేసి ఉంది. ఇక్కడికి వచ్చిన రోజుల్లో ఊళ్ళో ఉన్న సేవింగ్స్ అకౌంట్‌ని ఫెమా (ఇండియా విదేశీ మారక చట్టం) ప్రకారం ఎన్‌ఆర్‌ఓగా, అంటే ఎన్నారైల రూపాయి అకౌంట్‌గా మార్చుకోవాలి, స్టూడెంట్లకి కూడా వర్తిస్తుంది, చాలామంది పట్టించుకోరు. మార్చి ఉంటే, స్థిరపడటానికి తిరిగొచ్చాక పాస్‌పోర్ట్ తీసుకుని హోమ్ బ్రాంచికి వెళ్ళి మళ్ళీ రెసిడెంట్ అకౌంట్‌గా మార్పించండి. ఎన్‌ఆర్‌ఈ అకౌంట్ (విదేశీ సంపాదన వేసుకునే ఎన్నారై అకౌంట్) ఉన్నవాళ్ళు దాని గురించి కూడా అదే రోజు చెప్పండి, అమెరికాలో మిగిల్చిన డాలర్లని ఆర్‌ఎఫ్‌సీ (తిరిగొచ్చినవాళ్ళ విదేశీ కరెన్సీ) అకౌంట్‌లో డాలర్లుగానే ఉంచుకునే వీలు ఉందేమో కూడా అక్కడే అడగండి.